కల్లుపట్టి కుటీరవాసి జె. సి. కుమారప్ప

రాజపాళయం నుండి శ్రీవిల్లిపుత్తూరు మీదుగా మదురైకి పోయే దారిలో, తిరుమంగలానికి ముందు టి. కల్లుపట్టి అనే ఊరు వస్తుంది. రాజపాళయం వాసులు ఎన్నోసార్లు బస్సులో దాటిపోయే ఊరే అది. అక్కడి గాంధీ నికేతన ఆశ్రమంలో ఒక క్రైస్తవ పండితుడు తన కడపటి సంవత్సరాలు గడిపారు. ఆయనే జె. సి. కుమారప్ప. నేటి విద్యార్థులకు ఆ పేరు అంతగా పరిచయం లేదు.

రాజపాళయానికి ఖద్దరు కొత్త కాదు. 1927లో గాంధీజీ ఈ పట్టణానికి విచ్చేశారు. ఈ ఊరి రాజుల కుటుంబంలో జన్మించిన పి. ఎస్. కుమారస్వామి రాజా జాతీయోద్యమంలో ఎదిగి, 1949 నుండి 1952 వరకు మద్రాసు రాష్ట్రానికి ముఖ్యమంత్రిగా ఉన్నారు. స్వగృహాన్ని గాంధీ కళామందిరానికి దానం చేశారు. ఆ కథ ఇక్కడి ప్రతి ఇంటా తెలిసినదే. అదే గాంధీ మార్గానికి ఏసుక్రీస్తు బోధల గుండా నడిచి వచ్చినవారి కథ మాత్రం అంతగా వినబడదు.

కుమారప్ప 1892 జనవరి 4న తంజావూరులో ఒక క్రైస్తవ కుటుంబంలో జన్మించారు. తొలి పేరు జోసెఫ్ చెల్లదురై కార్నీలియస్. లండనులో అకౌంటెన్సీ విద్య నేర్చి, బొంబాయిలో ఆడిటరుగా స్థిరపడి, దొరల వేషంలో దొరల జీవితమే గడిపారు. 1927లో అమెరికా వెళ్లి, సిరక్యూస్, కొలంబియా విశ్వవిద్యాలయాలలో చదివారు. భారతదేశం ఎందుకు పేదదైనదన్న విషయమై అక్కడ ఆయన చేసిన ఒక ప్రసంగం పత్రికలో వచ్చింది. దానిని చూసిన ఆచార్యుడు సెలిగ్మన్ అదే విషయంపై పరిశోధన చేయమని ప్రోత్సహించారు. బ్రిటిష్ ప్రభుత్వపు పన్నులను, ఖర్చులను తరచిచూసేకొద్దీ, తాను అంతవరకు ఎవరి లెక్కలు సరిచూస్తూ వచ్చారో ఆయనకు అర్థమైంది. కార్నీలియస్ అన్న పేరు పోయి, తాతగారి పేరైన కుమారప్ప తిరిగి ఇంటిపేరైంది. మతం మారలేదు. క్రైస్తవుడు కావడానికి పాశ్చాత్యుడు కానక్కరలేదని మాత్రం ఆ మార్పు చాటింది.

1929 మే 9న సబర్మతిలో ఆయన గాంధీజీని కలిశారు. తన పరిశోధన వ్యాసాన్ని అచ్చు వేయించే ప్రయత్నంలో వెళ్లిన ఆయన, గుజరాతులోని మాతర్ తాలూకా గ్రామాల ఆర్థిక స్థితిని పరిశీలించే పనిలో పడ్డారు. రైతు ఇంట్లో ఏమున్నదో, పన్ను కట్టిన తరువాత ఏమి మిగులుతున్నదో గడపగడపకూ తిరిగి లెక్కగట్టడమే ఆ పని. వ్యాసం ‘యంగ్ ఇండియా’లో ధారావాహికగా వెలువడింది.

1930లో ఉప్పు సత్యాగ్రహం వచ్చింది. నాటి క్రైస్తవ సంఘాల పరిస్థితి చెబితేనే కుమారప్ప చేసిన పని విలువ తెలుస్తుంది. మొదటి ప్రపంచ యుద్ధం తరువాత మనదేశంలో పనిచేయదలచిన విదేశీ మిషనరీ సంస్థలు ప్రభుత్వానికి విధేయంగా ఉంటామని హామీ ఇవ్వవలసి వచ్చింది. పాఠశాలలకు, ఆసుపత్రులకు సర్కారు గ్రాంట్లు కూడా అందుతుండేవి. ఇట్టి స్థితిలో నోరు మెదపకుండుటయే వివేకమనిపించుకొన్నది. కుమారప్ప మౌనం వహించలేదు. దేశంలోని క్రైస్తవ సేవకులకు, మిషనరీలకు బహిరంగంగా విజ్ఞప్తి చేశారు. అహింసను ఏసు బోధించాడని నమ్మేవారు నిరాయుధులపై పడుతున్న లాఠీల పక్షాన ఎలా నిలుస్తారన్నదే ఆయన వాదసారం. కలకత్తా బిషప్, భారత మెట్రోపాలిటన్ అయిన ఫాస్ వెస్ట్‌కాట్‌తో ఈ విషయమై ఉత్తర ప్రత్యుత్తరాలు నడిచాయి. శాసనోల్లంఘన క్రీస్తు బోధకు సరిపడదని బిషప్ అభిప్రాయం. దేవాలయంలో రూకలు మార్చేవారి బల్లలు పడదోసినవాడు అన్యాయపు చట్టానికి తలవంచమంటాడా అన్న ప్రశ్న బైబిలు చదివిన ఎవరికైనా అక్కడ తోచక మానదు.

ఒక్క కుమారప్పను చూసి ఆనాటి భారతీయ క్రైస్తవులందరిని తూచరాదు. తిరునల్వేలి ప్రాంతంలోని వెళ్లాళన్‌విళైలో పుట్టిన వి. ఎస్. అజరయ్య 1912లో తెలుగుదేశపు దోర్నకల్‌కు బిషప్ అయ్యారు. తెలుగువారు తమిళనాట స్థిరపడినట్లే, ఒక తమిళుడు తెలుగు పల్లెలలో బీదల మధ్య జీవితం ధారపోశారు. మతమార్పిడి విషయంలో ఆయనకు గాంధీజీతో పొసగలేదు. అయినప్పటికీ క్రైస్తవులకు ప్రత్యేక నియోజకవర్గాలు వద్దన్నారు. విశ్వాసం ఒక్కటే అయినా రాజకీయాలలో దారులు పలువిధాలుగా చీలాయి.

కుమారప్ప విషయంలో విశేషమేమంటే, న్యాయమన్న మాటను ఆయన లెక్కల పుస్తకంలో వెదికారు. బ్రిటన్, భారతదేశాల మధ్య గల అప్పులను పరిశీలించడానికి 1931లో కాంగ్రెసు నియమించిన సంఘానికి ఆయనే నిర్వాహకులు. 1934 బీహారు భూకంప సహాయనిధి లెక్కలు చూస్తున్నప్పుడు, బాధితుల సొమ్ములోనుండి గాంధీజీ పరివారపు ఖర్చులకు కూడా పైకం ఇవ్వనన్నారని చెబుతారు. గాంధీజీ నొచ్చుకోలేదు సరికదా, అదే సంవత్సరం ఏర్పడిన అఖిల భారత గ్రామోద్యోగ సంఘాన్ని ఆయన చేతిలోనే పెట్టారు. వార్ధాలోని మగన్‌వాడిలో నూనెగానుగ, చేతికాగితం, బెల్లం, తేనెటీగల పెంపకం ఆయనకు పాఠ్యాంశాలైనాయి.

పలుమార్లు జైలుకు వెళ్లారు. క్విట్ ఇండియా కాలంలో జబల్‌పూరు జైలులో ఉండగా రెండు గ్రంథాలు రాశారు. ఒకటి ఏసు ఆచరణను, ఉపదేశాలను గూర్చినది. మరొకటి శాశ్వత ఆర్థిక వ్యవస్థను గూర్చినది. రెండూ 1945లో గాంధీజీ ముందుమాటలతో వెలువడ్డాయి. రెండవదానిలో ప్రాణుల బ్రతుకుతెరువుల నుండి తీసిన ఉదాహరణలు చిన్నపిల్లలకైనా బోధపడతాయి. పులి తన ఆహారమైన ప్రాణినే చంపుతుంది. కోతి తోటను చెట్లతో సహా పాడుచేయకున్నా, తాను పెంచని పండు తింటుంది. పక్షి తన గూడు తానే కట్టుకొంటుంది. తేనెటీగ పట్టులోని అందరి కోసం శ్రమిస్తుంది. తల్లిపక్షి ప్రతిఫలం కోరక పిల్లల నోటికి అందిస్తుంది. మనుష్యుల ఆర్థిక జీవనం కూడా ఈ మెట్లలో ఏదో ఒకదానిపై నిలుస్తుందని, పై మెట్టుకు ఎక్కడమే నాగరికత అని ఆయన సిద్ధాంతం.

శాంతిని గూర్చి ఆయన చెప్పినది ఇందులోనుండే వచ్చింది. ఎక్కడో దూరాన ముడిసరకు, మరెక్కడో అంగడి అవసరమయ్యే భారీ పరిశ్రమకు, ఆ రెండిటినీ కాపాడుకొనే సైన్యమూ అవసరమవుతుంది. కనుక యుద్ధపు వేరు ఇంట్లో కొనే వస్తువు దాకా ఉన్నదని ఆయన వాదించారు. మిల్లులతో, నూలుతో బ్రతుకుతున్న రాజపాళయం వంటి పట్టణానికి ఇది మింగుడుపడని మాటే. యంత్రం వలన కూలివాని వెన్ను ఎంత నొప్పి తప్పించుకొన్నదో కుమారప్ప తగినంతగా తూచలేదని కూడా చెప్పవలసి ఉన్నది. కాని ఎవరి శ్రమ ఎవరి సుఖమైనదని అడగడం మాత్రం ఆయన మానలేదు.

స్వరాజ్యం వచ్చినా ఆయన అడగడం ఆగలేదు. కాంగ్రెసు నియమించిన వ్యవసాయ సంస్కరణల సంఘానికి అధ్యక్షులై, 1949లో నివేదిక సమర్పించారు. ప్రభుత్వానికీ రైతుకూ మధ్య దళారులు ఉండరాదని, దున్నేవానికే భూమి చెందాలని దాని సారాంశం. అప్పుడు మద్రాసులో ముఖ్యమంత్రి రాజపాళయం బిడ్డయే. భూమి రాష్ట్రాల విషయం కావడంతో, నివేదిక చాలావరకు కాగితాలలోనే ఉండిపోయింది. కుమారప్ప పుట్టిన తంజావూరు జిల్లా కౌలుదార్లకు, పన్నైయాళ్లకు రక్షణగా ఆర్డినెన్సు 1952లో, కుమారస్వామి రాజా అనంతరం రాజాజీ పాలనలోనే వచ్చింది. భారీ పరిశ్రమల వైపు సాగిన ఢిల్లీ విధానాలతో ఆయనకు పొత్తు కుదరలేదు. జైలుకు పంపిన ప్రభుత్వాన్ని విమర్శించడం కంటె, తనతోపాటు జైలులో ఉన్న మిత్రుల ప్రభుత్వాన్ని విమర్శించడం కష్టతరం. ఆ పని కూడా ఆయన చేశారు.

ఆరోగ్యం క్షీణించి కల్లుపట్టి చేరుకొన్నారు. 1960 జనవరి 30న, గాంధీజీ అమరులైన తేదీనాడే, మదురైలో కన్నుమూశారు. కల్లుపట్టి కుటీరంలో గాంధీజీ పటంతో పాటు ఒక బీద పల్లెటూరి మనిషి పటం కూడా ఉండేదని చెబుతారు. చూడవచ్చినవారు అతడెవరని అడిగితే, తన గురువుకు గురువు అని కుమారప్ప చెప్పేవారట.