చేతిలో అట్ట, కంటికందని బొమ్మ



తొండేభావిలో బండెక్కి బెంగళూరులో దిగితే, కంఠీరవ స్టేడియం అక్కడికి ఎంతో దూరం లేదు. 2013లో బెంగళూరు ఎఫ్.సి. ఫుట్‌బాల్ జట్టు ఏర్పడ్డాక పడమటి గ్యాలరీ అభిమానులు ‘వెస్ట్ బ్లాక్ బ్లూస్’ అని పేరు పెట్టుకుని, అందరూ నీలం చొక్కాలే తొడుక్కుని నిలబడసాగారు. మన తిరునాళ్లలో ఎవరికి నచ్చిన రంగు వాళ్లు కట్టుకొస్తారు. ఇక్కడ మాత్రం జనమంతా కలిసి ఒకే రంగు.

ఈ వేడుకను బాగా పెంచి పెద్దచేసింది అమెరికా కాలేజీలు. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం విద్యార్థులు 1910 నాటికే గ్యాలరీలో అట్టలు పట్టి బొమ్మలు చూపారని చెబుతారు. పద్ధతి ఏమిటంటే, ప్రతి కుర్చీ మీద కొన్ని రంగు అట్టలూ, ఒక సూచనల కాగితమూ ఉంచుతారు. నాయకుడు అంకె పిలవగానే, ఆ అంకెకు కాగితంలో ఏ రంగు రాసి ఉంటే ఆ అట్ట ఎత్తాలి. అంతే. ఎదుటి గ్యాలరీవాళ్లకు పెద్ద బొమ్మ కనబడుతుంది. ఎత్తినవాడికి మాత్రం తన అట్ట వెనకభాగమే దర్శనం!

ఈ కిటుకును కాల్‌టెక్ అనే విజ్ఞాన సంస్థ కుర్రాళ్లు కనిపెట్టారు. 1961 జనవరి 2న, కాలిఫోర్నియాలోని పాసడేనా ఊళ్లో రోజ్ బౌల్ పోటీ. వాషింగ్టన్ విశ్వవిద్యాలయానికీ మిన్నెసోటాకూ ఆట. కాల్‌టెక్ ఉన్నది ఆ ఊళ్లోనే అయినా ఆటలో దానికి చోటు లేదు. కుర్రాళ్లలో ఒకడు విలేకరిలా వెళ్లి, వాషింగ్టన్ వాళ్ల అట్టల ఏర్పాటు ఎలా సాగుతుందో అడిగి తెలుసుకున్నాడు. ఆ తర్వాత వాళ్లు బస చేసిన చోట దొంగతనంగా దూరి, 2,232 సూచనల కాగితాలనూ మార్చేశారు. వాషింగ్టన్ జట్టు గుర్తు హస్కీ కుక్క. ఆట విరామంలో ఆ కుక్క బొమ్మ రావలసిన చోట, కాల్‌టెక్ గుర్తయిన బీవర్ జంతువు పోలిక వచ్చింది. తర్వాత జట్టు పేరు వెనకనుంచి ముందుకు వచ్చింది. ఆఖరికి ‘కాల్‌టెక్’ అన్న అక్షరాలు! దేశమంతటా టెలివిజన్‌లో చూశారు. నవ్వు ఆపుకోలేని ముచ్చటే. కానీ అట్టలు ఎత్తిన ఆ రెండువేల పైచిలుకు మంది, తాము ఎవరి పేరు ఎత్తామో తెలియకుండానే ఎత్తారు. నాకు ఆ సంగతే మనసులో నిలిచింది.

ఎందుకంటే మన సీమలోనూ రంగులు చేతబట్టిన జనం ఉన్నారు. తొండేభావి నుంచి అదే రైలుదారిలో హిందూపురం వైపు వెళితే, గౌరీబిదనూరు దాటాక విదురాశ్వత్థం వస్తుంది. 1938లో మైసూరు సంస్థానం కాంగ్రెసు జెండా ఎగరేయడాన్ని నిషేధించింది. కాషాయం, తెలుపు, ఆకుపచ్చ, నడుమ రాట్నం ఉన్న జెండా అది. ఏప్రిల్ 25న జనం విదురాశ్వత్థంలో చేరారు. వాళ్ల చేతికి ఎవరూ సూచనల కాగితం ఇవ్వలేదు. వాళ్ల ముందున్న సర్కారు కాగితమల్లా ఆ నిషేధాజ్ఞే. ఏ రంగులు పట్టుకున్నారో, ఎందుకు పట్టుకున్నారో వాళ్లకు తెలుసు. పోలీసులు కాల్పులు జరిపారు. ఎందరు పోయారన్న దాంట్లో సర్కారు లెక్కా, ప్రజల లెక్కా ఎన్నడూ కలవలేదు.

గాంధీగారు వల్లభభాయ్ పటేల్‌నూ, ఆచార్య కృపలానీనీ మైసూరుకు పంపారు. ఆ మే నెలలోనే దివాన్ మీర్జా ఇస్మాయిల్‌తో ఒప్పందం కుదిరింది. సంస్థానం జెండా పక్కన కాంగ్రెసు జెండా కూడా ఎగరవచ్చని సర్కారు ఒప్పుకుంది.