ఇరవై పెన్నీలు లెక్కపెట్టగలరా? 'నిర్ణయించే శక్తి' కథ

ఈరోజు ఎపిసోడ్ ఒక బ్యాంకు కౌంటర్ దగ్గర మొదలుపెడతాను.

మా తాతయ్యకు పక్షవాతం వచ్చినప్పుడు నేను బీటెక్ మూడో సంవత్సరం. కుడి చెయ్యి పడిపోయింది, మాట పోయింది. పెన్షన్ డబ్బులు తీయాలి కదా, వీల్‌చైర్‌లో బ్యాంకుకి తీసుకెళ్లాం. అక్కడి ఆఫీసరు "మీ పేరేంటండీ?" అని ఒక్క ప్రశ్న అడిగారు. తాతయ్య నోరు తెరిచారు, శబ్దం వచ్చింది, మాట రాలేదు. "ఈయనకు ఏమీ తెలియట్లేదండీ, కోర్టు కాగితం తెచ్చుకోండి" అనేశారు. ఇంటికొచ్చాక నానమ్మ ఆయన పక్కన కూర్చుని, "డబ్బు తీయమంటారా? అవునంటే నా చెయ్యి నొక్కండి" అంది. నొక్కారు. "మొత్తం తీసెయ్యమంటారా?" నొక్కలేదు. "మందులకు సరిపడా?" నొక్కారు.

మనిషి అదే, రోజూ అదే. బ్యాంకులో 'తెలియని' మనిషి ఇంట్లో లెక్కగా జవాబు చెప్పారు. తేడా అడిగిన తీరులో ఉంది. ఒక మనిషి తన నిర్ణయం తాను తీసుకోలేడని ఎవరు తేలుస్తారు? ఎలా తేలుస్తారు? ఈ ప్రశ్నకు ఏడు వందల ఏళ్ల చరిత్ర ఉంది. అందులో ఎక్కువ భాగం ఇంగ్లండ్‌లో జరిగింది. అక్కడి చట్టమే మన దాకా వచ్చింది కాబట్టి అక్కడి నుంచే వద్దాం.

13వ శతాబ్దం చివర, 14వ శతాబ్దం మొదట్లో ఇంగ్లండ్ రాజుకు ఒక హక్కు ఉండేది. పుట్టుకతో బుద్ధి ఎదగని వాళ్ల భూములు రాజు చేతికి వెళ్తాయి, వాళ్ల తిండీ బట్టా పోను మిగిలిన ఆదాయం రాజుదే. మధ్యలో మతి తప్పినవాళ్ల భూమిని మాత్రం రాజు కాపాడి, బాగయ్యాక తిరిగి ఇవ్వాలి. అంటే మనిషి ఏ కోవలోకి వస్తాడన్నది పెద్ద డబ్బుల వ్యవహారం. అందుకే విచారణ పెట్టేవారు, ఊళ్లోవాళ్లను జ్యూరీగా కూర్చోబెట్టేవారు.

పరీక్ష ఏంటో తెలుసా? 1534లో ఆంథోనీ ఫిట్జ్‌హెర్బర్ట్ అనే న్యాయ పండితుడు రాసిపెట్టాడు: ఇరవై పెన్నీలు లెక్కపెట్టగలడా, తల్లిదండ్రులెవరో చెప్పగలడా, తన వయసెంతో చెప్పగలడా. మా నానమ్మ అయితే మూడో ప్రశ్నలో ఫెయిల్. ఏ ఏడు పుట్టావంటే "పెద్ద వరద వచ్చిన ఏడు" అంటుంది. కానీ ఊళ్లో ఎవరు ఎవరికి ఎంత బాకీనో ఆవిడనే అడగాలి!

ఇక్కడ రెండు విషయాలు గుర్తుపెట్టుకోండి. ఒకటి, చట్టం కన్ను ఆస్తి మీద ఉంది, మనిషి మీద కాదు. రెండు, జవాబు అవును లేదా కాదు. మా ఇంజనీర్ల భాషలో బూలియన్. ఒక్కసారి ఫాల్స్ పడిందా, పెళ్లి, డబ్బు, ఇల్లు, అన్నిటికీ ఫాల్సే.

ఈ ఆలోచనే ఓడెక్కి మన దగ్గరికి వచ్చింది. మద్రాసు ప్రెసిడెన్సీలో 1804 నాటి రెగ్యులేషన్‌తో కోర్ట్ ఆఫ్ వార్డ్స్ వచ్చింది. జమీందారు మైనరైనా, మతి సరిగా లేకపోయినా ఎస్టేటు దాని అజమాయిషీలోకి వెళ్లేది, జిల్లాలో చూసుకునేది కలెక్టరు. ఆయనకు ముఖ్యం శిస్తు. తర్వాత 1858లో ఒకేసారి మూడు లూనసీ చట్టాలు చేశారు. వాటి స్థానంలో వచ్చిందే 1912 నాటి ఇండియన్ లూనసీ చట్టం. స్వాతంత్ర్యం వచ్చాక కూడా నలభై ఏళ్లకు పైగా అదే నడిచింది. దాన్ని తీసేసిన 1987 చట్టం అమల్లోకి వచ్చింది 1993లో.

సరే, మళ్లీ ఇంగ్లండ్ వెళ్దాం. అక్కడ 1959 చట్టంతో, పెద్దవాళ్ల సంరక్షణ విషయంలో రాజు పేరున కోర్టుకు ఉన్న పాత అధికారం పోయింది. దాని బదులు సరైనది ఏదీ పెట్టలేదు. ఆ ఖాళీలో ఒక మనిషి పడ్డాడు. కోర్టు రికార్డుల్లో ఆయన పేరు హెచ్.ఎల్. అని మాత్రమే ఉంటుంది.

ఆయనకు ఆటిజం, మాటలు రావు. చిన్నప్పటి నుంచి ముప్పై ఏళ్లకు పైగా సర్రీలోని బోర్న్‌వుడ్ అనే ఆసుపత్రిలోనే ఉన్నాడు. 1994లో ఒక దంపతులు ఆయన్ని తమ ఇంటికి తీసుకెళ్లి సొంత మనిషిలా చూసుకున్నారు. 1997 జులై 22న, డే సెంటర్‌లో ఉండగా, ఆయన బాగా ఆందోళనపడి తల కొట్టుకోవడం మొదలుపెట్టాడు. ఆ దంపతులు ఫోన్‌కి దొరకలేదు. మత్తుమందు ఇచ్చి మళ్లీ అదే ఆసుపత్రికి తీసుకెళ్లారు. ఆయన ఎదురు తిరగలేదు కాబట్టి బలవంతంగా చేర్చుకున్నట్టు కాగితాలేమీ రాయలేదు, 'ఇష్టపూర్వకంగా ఉన్నాడు' అన్నట్టు ఉంచేశారు. పెంచుకున్న దంపతులను మొదట్లో చూడనివ్వలేదు. ఎందుకు? వాళ్లను చూస్తే వెళ్లిపోతానంటాడేమోనని! వెళ్లిపోవాలని ఉండొచ్చని వాళ్లకే తెలుసు, అయినా కాగితం మీద అది ఇష్టపూర్వకం.

దంపతులు కోర్టుకెక్కారు. అప్పీల్ కోర్టులో గెలిచారు, ఆ ఏడాది డిసెంబర్‌లో ఆయన ఇంటికొచ్చాడు. కానీ 1998లో హౌస్ ఆఫ్ లార్డ్స్ ఆ తీర్పును తిప్పేసింది. చివరికి 2004 అక్టోబర్ 5న యూరోపియన్ మానవ హక్కుల కోర్టు తేల్చింది: ఇది స్వేచ్ఛను హరించడమే. డాక్టర్లు మంచి ఉద్దేశంతోనే చేసి ఉండొచ్చు. కానీ ఆ నిర్ణయాన్ని బయటివాళ్లు ఎవరైనా చూసే పద్ధతి ఎక్కడుంది?

అప్పటికే తయారవుతున్న కొత్త చట్టం, మెంటల్ కెపాసిటీ యాక్ట్, 2005లో పాసై 2007లో అమల్లోకి వచ్చింది. బూలియన్‌ని బద్దలు కొట్టింది ఇదే. మనిషికి శక్తి ఉందనే మొదలుపెట్టాలి, లేదని నిరూపించాల్సింది అవతలివాళ్లు. ఎవరైనా తెలివితక్కువ నిర్ణయం తీసుకున్నంత మాత్రాన శక్తి లేదనకూడదు. ఏ నిర్ణయానికి ఆ నిర్ణయం, ఏ సమయానికి ఆ సమయం విడిగా చూడాలి. విషయం అర్థమైందా, కాసేపు గుర్తుంచుకోగలరా, మంచిచెడ్డలు బేరీజు వేయగలరా, ఏదో ఒక రకంగా చెప్పగలరా: ఈ నాలుగే చూడాలి. 'ఏదో ఒక రకంగా' అంటే కనురెప్ప ఆడించినా చాలు. చెయ్యి నొక్కినా చాలు.

2009 ఏప్రిల్ నుంచి, కేర్ హోమ్‌లోనో ఆసుపత్రిలోనో ఒకరిని కదలనివ్వకుండా ఉంచాలంటే ముందు పరిశీలన జరగాలి. డాక్టర్ ఒకరు చూస్తారు. 'ఇది నిజంగా ఈ మనిషి మేలుకేనా, ఇంతకన్నా తక్కువ కట్టడితో కుదరదా' అని చూసే మనిషి వేరే ఉంటారు. వాళ్లలో ఎక్కువమంది సోషల్ వర్కర్లు. ఆ మనిషి సంరక్షణలో వాళ్లకు ఏ పాత్రా ఉండకూడదు. వెళ్లి కూర్చోవాలి, మాట్లాడాలి, ఇంటివాళ్లను అడగాలి, ఒకప్పుడు ఈయన ఏం ఇష్టపడేవారో తెలుసుకోవాలి. లండన్‌లో కొడుకు దగ్గరున్న ఒక తెలుగు పెద్దావిడ డిమెన్షియాతో ఇంగ్లీషు మర్చిపోయిందనుకోండి. ఇంగ్లీషులో అడిగి 'జవాబు లేదు' అని రాసేయడానికి వీల్లేదు. తెలుగు తెలిసినవాళ్లను పెట్టి అడగాలి. మధ్యాహ్నం కన్నా పొద్దున్నే హుషారుగా ఉంటుందంటే పొద్దున్నే వెళ్లాలి.

అంతా బాగుందా అంటే, లేదు. 2014లో అక్కడి సుప్రీం కోర్టు 'నిర్బంధం' అనే మాటకు పరిధి పెంచింది. మనిషి సంతోషంగా కనిపించినా సరే, ఎప్పుడూ కాపలాలో ఉండి, వెళ్లిపోయే వీలు లేకపోతే అది నిర్బంధమే అంది. దాంతో ఏడాదికి 13 వేల చిల్లర ఉన్న దరఖాస్తులు ఒక్కసారిగా లక్షా 37 వేలు దాటాయి, తర్వాత 3 లక్షలకు చేరాయి. సోషల్ వర్కర్లు మాత్రం పదింతలు కాలేదు కదా. 21 రోజుల్లో కావాల్సిన పరిశీలనలు నెలలు పడుతున్నాయి. హక్కు రాయడం వేరు, ఆ హక్కుతో తలుపు తట్టే మనిషిని పంపడం వేరు.

మరి మన దగ్గర? 2017 మానసిక ఆరోగ్య చట్టం వైద్యం విషయంలో మంచి హక్కులిచ్చింది. కానీ పాత చట్టంలో ఉన్న ఆస్తి సంరక్షకుడి ఏర్పాటు అందులో లేదు. ఆటిజం లాంటి వాటికి 1999 నేషనల్ ట్రస్ట్ చట్టం కింద జిల్లా స్థాయి కమిటీ ఉంది. వైకల్యం ఉన్నవాళ్లకు 2016 చట్టంలో పరిమిత సంరక్షకత్వం ఉంది. కోమాలో ఉన్న మనిషి విషయంలో మాత్రం ఇంటివాళ్లు హైకోర్టు మెట్లెక్కాల్సిందే. 'జీపీఏ రాయించాం కదా' అంటారు చాలామంది. 1872 కాంట్రాక్ట్ చట్టం ప్రకారం, రాసిచ్చిన మనిషికి మతి స్థిమితం పోతే ఆ అధికారమూ పోతుంది. సరిగ్గా అవసరమైన రోజునే చెల్లదన్నమాట!

2019 ఫిబ్రవరిలో కేరళ హైకోర్టు, కోమాలో ఉన్నవాళ్ల కోసం కొన్ని నియమాలు పెట్టింది. మెడికల్ బోర్డు పరీక్షించాలి. తహసీల్దార్‌కు తగ్గని అధికారి ఇంటికి వెళ్లి మనిషిని చూసి, దగ్గరి బంధువులెవరు, వాళ్ల పరిస్థితేంటి అని రిపోర్టు ఇవ్వాలి. సంరక్షకుడిని వేశాక సాంఘిక సంక్షేమ శాఖ అధికారి చెప్పాపెట్టకుండా వెళ్లి చూడొచ్చు. ఈ చివరి మాట నాకు చాలా నచ్చింది. శిస్తు కోసం వెళ్లిన కలెక్టరు కాలం నుంచి, మనిషి ఎలా ఉన్నాడో చూడ్డానికి వెళ్లే అధికారి దాకా వచ్చాం. అయితే ఆ అధికారికి ఆ పనిలో శిక్షణ ఉందా, అందుకు టైముందా అన్నది వేరే ప్రశ్న.

మా తాతయ్య దగ్గరికి ఎవరూ రాలేదు. బ్యాంకు నుంచి రాలేదు, ప్రభుత్వం నుంచి రాలేదు. ఎనిమిది నెలల తర్వాత ఆయన పోయారు. ఆ డబ్బు ఆ తర్వాతే నానమ్మ చేతికి వచ్చింది, నామినీగా. మందులకు మాత్రం అప్పు చేశాం. ఆయన అడిగింది మందులకు సరిపడా మాత్రమే.

మీ ఇంట్లో ఎవరైనా మాట పోయి, జ్ఞాపకం తగ్గి ఉంటే, ఒక్క ప్రశ్నతో తేల్చేయకండి. వేరే సమయంలో, వేరే మాటల్లో, వాళ్ల చెయ్యి పట్టుకుని ఇంకోసారి అడగండి. మీ అనుభవాలు కామెంట్లలో రాయండి, అన్నీ చదువుతాను. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటాను.