అల్సర్ రోగుల్లో దొరికిన ఆనవాలు

కడుపులో పుండ్లకు సరైన మందులు లేని రోజుల్లో సర్జన్లు జీర్ణాశయంలో చాలా భాగాన్ని కోసి తీసేసేవారు. పుండు బాధ తీరేది. కానీ ఆ రోగుల్లో చాలామంది, ముఖ్యంగా ఆడవాళ్లు, ఆ తర్వాత మళ్లీ ఒళ్లు చేసేవారు కాదు. సర్జన్లు దీన్ని ఆపరేషన్ తెచ్చిపెట్టిన చిక్కుగానే చూశారు. అమెరికాలో అయోవా విశ్వవిద్యాలయంలో పనిచేసిన ఎడ్వర్డ్ మేసన్‌కు మాత్రం అందులో ఒక చికిత్స కనిపించింది. ఈరోజు మనం బేరియాట్రిక్ సర్జరీ అంటున్న, బరువు తగ్గించే ఆపరేషన్ల అసలు దారి అక్కడే మొదలైంది.

అయితే బరువు తగ్గించడానికి కడుపు కోసిన మొదటివాడు మేసన్ కాదు. 1950లలో మిన్నెసోటా సర్జన్లు పేగు మీద చెయ్యి వేశారు. ఆరు మీటర్ల దాకా ఉండే చిన్న పేగులో మధ్య భాగాన్ని పక్కకు తప్పించి మొదలునీ చివరనీ కలిపేస్తే, తిన్నది ఒంటికి పట్టకుండా పోతుందని వాళ్ల లెక్క. 1960ల చివరికి ఈ పద్ధతి స్థిరపడింది. ఆహారం నడిచే దారిలో మిగిలే పేగు అర మీటరు కూడా ఉండదు. బరువు నిజంగానే తగ్గింది. దాంతోపాటే ఆగని విరేచనాలు, మూత్రపిండాల్లో రాళ్లు, కొందరికి ప్రాణం తీసే కాలేయ వ్యాధి వచ్చాయి. ఎంతోమందికి మళ్లీ పొట్ట తెరిచి పేగును పాత దారికి కలపాల్సి వచ్చింది. బరువు తగ్గిన అంకె ఒక్కటే చూసి ఆపరేషన్ బాగుందనుకున్న తొందరకు రోగులు చెల్లించిన మూల్యం అది.

మేసన్ పేగును దాదాపు వదిలేసి జీర్ణాశయాన్ని ఎంచుకున్నాడు. 1966లో పైభాగాన్ని చిన్న సంచిలా విడదీసి, దానికి చిన్న పేగును తెచ్చి కుట్టాడు. మిగతా జీర్ణాశయాన్ని తీసెయ్యలేదు, లోపలే ఉంచాడు. మరుసటి ఏడు చికాషి ఇటోతో కలిసి దీన్ని ప్రచురించాడు. గ్యాస్ట్రిక్ బైపాస్ పుట్టింది ఇలా. మొదట్లో పైత్యరసం పైకి తన్నుకొచ్చేది. 1977లో గ్రిఫెన్ అనే సర్జన్ బృందం పేగును ఇంగ్లిషు ‘వై’ ఆకారంలో కలిపి ఆ బాధ తప్పించింది. ఆ కూర్పు స్విట్జర్లాండ్ సర్జన్ సెజార్ రూ పేరుతో అంతకుముందే వాడుకలో ఉంది.

మేసన్ తన ఆపరేషన్‌ను కూడా అంతటితో వదిలిపెట్టలేదు. ఆహారం చిన్న పేగు మొదటి భాగమైన డుయోడినమ్‌ను దాటి పోతే ఇనుము, కాల్షియం ఒంటికి సరిగా పట్టవు. అందుకే 1980లో పేగు జోలికి పోకుండా, జీర్ణాశయాన్ని నిలువునా కుట్టి, బయటికి పోయే దారికి పట్టీ వేసే పద్ధతి తెచ్చాడు. కాలక్రమంలో చాలామందికి బరువు తిరిగి రావడంతో అది వెనకబడింది. నాకు ఆయనలో అన్నిటికన్నా గొప్పగా తోచేది కత్తి పట్టిన నేర్పు కాదు. ఆపరేషన్ అయినవాళ్లను ఏళ్ల తరబడి వెంబడించి వివరాలు రాయించాడు. 1980ల మధ్యలో అయోవాలో ఆయన పెట్టిన రిజిస్ట్రీ అందుకే. పేగు బైపాస్ రోజుల్లో మొదటి నుంచీ అలాంటి లెక్క ఉండుంటే ఎన్ని కాలేయాలు దక్కేవో!

ఆ తర్వాత కథ అనుకోని మలుపు తిరిగింది. బైపాస్ అయిన షుగర్ రోగుల్లో చాలామందికి బరువు పెద్దగా తగ్గకముందే, కొన్ని రోజుల్లోనే షుగర్ అదుపులోకి వస్తోందని ఉత్తర కరోలినాకు చెందిన వాల్టర్ పోరీస్ గమనించాడు. 1995లో ఆయన బృందం ప్రచురించిన ఫలితాలు డాక్టర్ల ఆలోచననే మార్చాయి. పొట్ట చిన్నదైతే తిండి తగ్గుతుందన్న లెక్క ఒక్కటీ దీనికి చాలదు. ఆహారం త్వరగా పేగు కిందిభాగానికి చేరితే అక్కడ షుగర్ అదుపుకు తోడ్పడే జీఎల్‌పీ-1 అనే హార్మోను ఎక్కువగా ఊరుతుంది. 1999లో, ఎనభై ఏళ్లకు దగ్గరపడ్డ మేసన్ ఈ హార్మోను గురించే వ్యాసం రాశాడు. ఇప్పుడు బరువు తగ్గడానికి వాడుతున్న సెమాగ్లుటైడ్ ఇంజెక్షన్ అదే హార్మోనును అనుకరిస్తుంది.

మన దేశంలో ఇప్పుడు ఎక్కువగా చేసేది స్లీవ్. జీర్ణాశయాన్ని సన్నటి గొట్టంలా మిగిల్చి, తక్కినది తీసేస్తారు. చిన్న రంధ్రాల గుండా కెమెరాతో చేస్తారు. 1991 నాటి అమెరికా మార్గదర్శకాలు బీఎంఐ 40 దాటినవాళ్లకు, షుగర్ లాంటి జబ్బులుంటే 35 దాటినవాళ్లకు ఆపరేషన్ చెయ్యొచ్చన్నాయి. ఆసియా వాళ్లకు తక్కువ బరువుకే షుగర్, గుండెజబ్బులు వస్తాయి కాబట్టి 2022 నాటి మార్గదర్శకాలు వాళ్లకు 27.5 దగ్గరే ఆపరేషన్ సూచించమన్నాయి. మేసన్ 2020 డిసెంబరులో, నూరేళ్లు నిండాక కన్నుమూశాడు. ఆయన బైపాస్ చేయించుకున్నవాళ్లు ఇవాళ్టికీ బీ12, ఇనుము, కాల్షియం జీవితాంతం వేసుకోవాలి, ఏటా రక్తపరీక్ష చేయించుకోవాలి.