ఉత్తరపు గాలి

ఆ కుంపట్లో ఇంకో రెండు బొగ్గులెయ్యండ్రా. చలి అంటే కలకత్తాదే! సాయంత్రమయ్యేసరికి వాట్‌గంజ్‌లో ప్రతి గుమ్మం ముందూ బొగ్గుపొయ్యి ముట్టించేవారు. ఆ పొగ, హుగ్లీ మంచు కలిసి మా సందు మీదే కూర్చునేవి.

మా నాన్న గార్డెన్ రీచ్ రైలాఫీసులో గుమాస్తా. 1955లోనే అది సౌత్ ఈస్టర్న్ రైల్వే అయింది గానీ, ఆయన పోయేదాకా పాత పేరుతో బి.ఎన్.ఆర్. అనే అన్నాడు. ఆ రైలు పట్టుకునే గదా మనాళ్లు ఖరగ్‌పూర్‌కీ, కిదిర్‌పూర్‌కీ చేరింది! వాట్‌గంజ్ పేరేమో ఓడల కార్ఖానా పెట్టిన వాట్సన్ దొరది. దొర మనకెందుకులే, బాబాయి ముచ్చట చెప్తాను.

సొంత బాబాయి కాదు. టెక్కలి వైపు మనిషి, డాకులో ఫిట్టరు. నలభై దాటినా వెదురుబద్దలా ఉండేవాడు. 1968 చలికాలంలో క్లబ్బోళ్లు సైకిల్ పందెం పెడతారన్నారు. నాకు పంతొమ్మిదేళ్లు. నాన్న నన్ను ఆయనకి అప్పజెప్పాడు.

"ఆదివారం డైమండ్ హార్బర్ ఎల్దాం" అన్నాడు. రానూపోనూ దగ్గర దగ్గర వంద కిలోమీటర్లు. గేర్లా గీర్లా!

ముందురోజు రాత్రి పానా తెచ్చి నా సీటు పైకెత్తేశాడు. "కాలు నేలకానాలని సీటు దించుకుంటావేట్రా? పెడల్ కిందికెళ్లినప్పుడు దానిమీద మడమ పెడితే కాలు తిన్నగా సాగాలి." ఎక్కి చూస్తే మునివేళ్లు కూడా సరిగ్గా నేలకి తగల్లేదు. గుండె జారింది.

తెల్లారకుండా బయల్దేరాం. బెహాలా దాకా రోడ్డు మీద ట్రామ్ పట్టాలుండేవి. "పట్టా పక్కన రాసుకుంటూ పోతే చక్రం గాడిలో దిగిపోద్ది. అడ్డంగా దాటు" అన్నాడు. ఠాకూర్‌పుకూర్ దాటాక చెరువులు, కోసిన వరిచేలు, ఈతచెట్లు. అక్కడ ఖేజూర్ అంటారు గానీ మన ఈతే. మనం కల్లు చేసుకుంటాం, వాళ్లు తెల్లారగట్ల రసం చల్లగా తాగేస్తారు, మిగిలింది బెల్లం వండుతారు. ఎవరిది తెలివో మరి!

ఆమ్‌తలాలో బాబాయి రసం తాగడానికి ఆగాడు. నేను ఆగలేదు. కాళ్లు వాటంతటవే తిరుగుతున్నాయి, నాకు రెక్కలొచ్చాయనుకున్నాను. డైమండ్ హార్బర్ గట్టు మీద అరగంట కూర్చున్నాక ఆయన వచ్చాడు, బయల్దేరినప్పటి నడకతోనే. నదికి అవతలి ఒడ్డు గీతలా ఉంది. నా గొప్పలు విని, బిమల్ ముఖర్జీ కథ చెప్పాడు. 1926లో కలకత్తా టౌన్ హాల్ దగ్గర మరో ముగ్గురితో సైకిలెక్కి, లోకం చుట్టి 1937లో ఇల్లు చేరాడట. "ఆయన కూడా మొదటిరోజు నీలాగే తొక్కుంటే బర్ద్వాన్ దాటకపోను" అని నవ్వి, తువ్వాల్లోంచి మరమరాలు, బెల్లం తీశాడు. ఆకల్లేదన్నాను. "ఆకలేసేదాకా ఆగితే ఆలస్యమైపోద్దిరా" అన్నాడు. నేను వినలేదు.

వెనక్కి తిరిగాక తెలిసింది, పొద్దున్న నన్ను తోసింది నా బలం కాదు, ఉత్తరపు గాలి. ఇప్పుడది ఎదురు. శిరాకోల్ దగ్గర కాళ్లు వణికాయి, కళ్లు తిరిగాయి. సైకిల్ పడేసి కూర్చున్నాను. బాబాయి ఒక్క మాటా అనలేదు. బెల్లం నోట్లో పెట్టాడు. తర్వాత ముందుకెళ్లి, తన క్యారేజీ మీద చేత్తో తట్టి "ఇక్కడికి రా" అన్నాడు.

ఆ వీపు వెనక్కి వెళ్లగానే గాలి ఆగిపోయినట్టయింది. మా పెద్దోడు ఇంజనీరు గదా, వేగం రెట్టింపైతే గాలి అడ్డు నాలుగింతలవుతుందంటాడు. బాబాయికి ఆ లెక్క తెలీదు. ఆయన చక్రానికీ నా చక్రానికీ మధ్య మూరెడు సందు ఉంచమన్నాడంతే. చూడ్డానికి ఇంకేముంది, ఆయన మడమలే చూశాను. కల్వర్టు ఎక్కినా దిగినా ఒకటే లయ. భుజాలు కదలవు. గోతులొస్తే చెయ్యి వెనక్కి పెట్టి వేలితో చూపించేవాడు. ముప్పై కిలోమీటర్లు అలాగే లాక్కొచ్చాడు.

పందెంలో నేను పదకొండోవాణ్ణి, ఆ ముచ్చటొద్దు.

బెహాలాకి చేరేసరికి చీకటి పడింది. "ఇప్పుడు నువ్వు ముందెళ్లు" అన్నాడు. నన్ను పెద్దవాణ్ణి చేశాడని పొంగిపోయాను. మోమిన్‌పూర్ దగ్గర రోడ్డు కాస్త నిశ్శబ్దమయ్యాక వినబడింది, వెనక నుంచి ఆయన ఊపిరి. కొలిమితిత్తిలా ఎగదన్నుతోంది. గాలికి ఇప్పుడు నేను అడ్డం. తల తిప్పబోయాను.

"ముందు చూడరా," అన్నాడు రొప్పుతూనే, "పట్టాలున్నాయి."