వజీఫా ఎవరి సొమ్ము?

హైదరాబాదు ఉర్దూలో వజీఫా అన్న మాటకు అర్థాలు చాలా ఉన్నాయి. చదువుకునే పిల్లవాడికిచ్చే స్కాలర్‌షిప్పు వజీఫా. నౌకరీ చేసి దిగిపోయిన మనిషికి నెలనెలా వచ్చే పింఛను వజీఫా. నమాజు తరువాత తస్బీహ్ తిప్పుతూ చదువుకునేదీ వజీఫాయే. వీటిలో ఏ ఒక్కటీ బిచ్చం కాదు. కానీ తెలుగులో 'మైనారిటీ స్కాలర్‌షిప్పు' అనగానే దాని పక్కనే 'బుజ్జగింపు' అన్న మాట వచ్చి కూర్చుంటుంది. ఇచ్చేవాళ్ళెవరో, చేయి చాచేవాళ్ళెవరో ముందే తేలిపోయినట్టు మాట్లాడతారు. ముస్లింలు ఈ నేలమీద ఎప్పుడూ అడుక్కునేవాళ్ళేనా? ఈ ప్రశ్నకు జవాబు వెతకడానికి సైబరాబాదు కంటే మంచి చోటు లేదు.

ముందు వక్ఫ్ గురించి రెండు మాటలు. ఆస్తిని దేవుడి పేర కట్టివేసి, అసలును కదపకుండా, దానిమీద వచ్చే ఫలాన్ని మాత్రం బీదలకు, బాటసారులకు, చదువుకు, ఇబాదత్‌కు ఖర్చు చేయడమే వక్ఫ్. ఖైబర్‌లో తనకు దక్కిన భూమిని ఏం చేయమంటారని హజ్రత్ ఉమర్ ప్రవక్తను అడిగినప్పుడు దొరికిన సలహా ఇదే. ఈనాటి భాషలో చెప్పాలంటే మూలధనం ముట్టని ట్రస్టు. దక్కనులో సుల్తానులు, నవాబులు, వ్యాపారులు, పేరులేని వితంతువులు కూడా ఈ పద్ధతిన భూములు, ఇళ్ళు, దుకాణాలు రాసిచ్చారు. దర్గా, మసీదు, ఆషుర్‌ఖానా, మదర్సా వీటిమీదే నడిచాయి.

మణికొండలోని హజ్రత్ హుస్సేన్ షా వలీ దర్గా అలాంటిదొకటి. గుల్బర్గా బందే నవాజ్ వంశంవాడని చెప్పుకునే ఈ సూఫీ పేరు హైదరాబాదు వాసులందరి నోటా రోజూ పలుకుతూనే ఉంటుంది. ఇబ్రాహీం కుతుబ్ షా కాలంలో, 1560లలో కట్టిన హుస్సేన్ సాగర్‌కు ఆ పేరు ఆయనవల్లే వచ్చింది. ఊరందరికీ నీళ్ళు పట్టిన చెరువు అది. ఆ నీళ్ళు తాగినవాళ్ళను మతం ఎవరూ అడగలేదు.

ఇచ్చే చేయి మతం చూడని సందర్భాలు ఆ తరువాతా ఉన్నాయి. 1895లో సరోజినీ చట్టోపాధ్యాయ ఇంగ్లండు చదువుకు ఓడెక్కింది నిజాం ఇచ్చిన వజీఫాతోనే. తరువాత ఆమె సరోజినీ నాయుడైంది. పూనా భండార్కర్ సంస్థ మహాభారత ప్రామాణిక ప్రతిని సిద్ధం చేస్తున్నప్పుడు 1932 నుంచి ఏటా 1000 రూపాయలు హైదరాబాదు ఖజానా నుంచి వెళ్ళాయి. రాజ్యం పోయాక ఏడవ నిజాం తన సొంత ఆస్తితో ధర్మాదాయ ట్రస్టు పెట్టాడు. పంజాగుట్టలో ఆ ట్రస్టు కట్టిన ఎముకల ఆసుపత్రే ఇవాళ అందరూ పరుగెత్తే నిమ్స్.

ఇదంతా చెప్పి నవాబుల పల్లకీ మోయడం మా ఉద్దేశం కాదు. ఖజానాలోకి వచ్చిన ప్రతి రూపాయీ రైతు చెమటే. జాగీర్లలో వెట్టి ఉంది, దౌర్జన్యం ఉంది. ఆ రైతుల్లో హిందువులూ ఉన్నారు, ముస్లింలూ ఉన్నారు. 1949 ఆగస్టులో జాగీర్లు రద్దయినప్పుడు తెలంగాణ పల్లె ఊపిరి పీల్చుకుంది. అది న్యాయమే. ఆ తరువాత ఆ భూములు ఎవరి చేతికి పోయాయన్నదే మా ప్రశ్న.

1998 నవంబరులో ప్రధాని వాజపేయి మాదాపూర్‌లో సైబర్ టవర్స్ ప్రారంభించారు. అంతవరకు బండరాళ్ళు, సీతాఫలం చెట్లు ఉన్న చోట గజం లెక్కన బంగారం పండడం మొదలైంది. హైటెక్ సిటీ నుంచి గచ్చిబౌలి, నానక్‌రాంగూడ, మణికొండ దాకా అద్దాల మేడలు లేచాయి. పరిశ్రమల మౌలిక వసతుల సంస్థ చేతిమీదుగా ప్రభుత్వ భూములు కంపెనీలకు వెళ్ళాయి. మణికొండలో వందకు పైగా ఎకరాలు ఒక్క లాంకో హిల్స్‌కే దక్కాయి. అప్పుడు దర్గా భూముల మాట పైకొచ్చింది. మణికొండ జాగీరులో 1654 ఎకరాల 32 గుంటలు దర్గాకు చెందిన వక్ఫ్ అని వక్ఫ్ బోర్డు అన్నది.

ఇక్కడ కాగితాల కథ చూడాలి. 1989లో అచ్చయిన వక్ఫ్ గెజిట్‌లో ఈ దర్గా ఆస్తి 5506 చదరపు గజాలు. అంటే ఎకరం పైచిలుకు. 2006లో సవరణ గెజిట్ తెచ్చి దాన్ని 1654 ఎకరాలుగా దిద్దారు. ఈ రెండు తేదీల మధ్య పదిహేడేళ్ళున్నాయి. సైబర్ టవర్స్ లేచింది ఆ పదిహేడేళ్ళలోనే. భూమి ధర ఆకాశానికి ఎగిరిందీ అప్పుడే. 2012లో హైకోర్టు వక్ఫ్ బోర్డు పక్షాన నిలిచింది. 2022 ఫిబ్రవరి 7న సుప్రీంకోర్టు ఆ తీర్పును కొట్టేసింది. ఇవి జాగీరు భూములనీ, జాగీర్ల రద్దుతో ప్రభుత్వానికి చెందాయనీ, 2006 సవరణ చెల్లదనీ తేల్చింది.

చట్టం దృష్టిలో ఆ భూమి ప్రభుత్వానిది. తీర్పును మేము గౌరవిస్తాం. కానీ చరిత్ర అడగాల్సిన ప్రశ్న కోర్టుతో ముగిసిపోదు. సూఫీ పేరన ఉన్న జాగీరును రద్దుచేసి తీసుకున్న ప్రభుత్వం, అందులో కంపెనీలకిచ్చిన ఎకరాల్ని దున్నేవాడికి ఇవ్వలేదు. ఊరి బీదలకూ ఇవ్వలేదు. దర్గా నీడన బతికే ఫకీరుకీ, పక్కనే పశువులు మేపుకునే గొల్ల కురుమలకూ ఆ అద్దాల మేడల్లో దొరికిందేమిటి? కాపలా ఉద్యోగం, ఊడ్చే పని. సంస్కరణ పేరన వచ్చిన భూమి సంపన్నుల దగ్గర ఆగింది. ఇది ముస్లింల ఫిర్యాదు మాత్రమే కాదు.

మరో ప్రశ్న మావాళ్ళకే వేయాలి. 1989 గెజిట్‌లో ఎకరం రాసినప్పుడు ముతవల్లీలు, బోర్డు మెంబర్లు ఎక్కడున్నారు? 2006లో సచార్ కమిటీ దేశంలో 4.9 లక్షల వక్ఫ్ ఆస్తులు నమోదై ఉన్నాయని లెక్క చెప్పింది. పుస్తకాల్లో వాటి విలువ 6,000 కోట్లు, బజారు విలువ 1.2 లక్షల కోట్లు, ఏడాది రాబడి మాత్రం 163 కోట్లు. సరిగా నడిపితే ఏటా 12,000 కోట్లు రావచ్చునని ఆ కమిటీయే అన్నది. ఆక్రమించుకున్నవాళ్ళలో ప్రభుత్వ శాఖలు ఉన్నాయని కూడా ఆ నివేదికే చెప్పింది. నామమాత్రపు అద్దెకు దుకాణాలు కట్టబెట్టిన పెద్దలు మాత్రం మనలోవాళ్ళే. దోచినవాడు షేర్వానీ వేసుకుంటే దోపిడీ ఖిద్మత్ అయిపోదు.

రాబడి రావాల్సిన చోట రాలేదు కాబట్టే మన పిల్లలు దరఖాస్తు ఫారాల ముందు నిలబడ్డారు. అక్కడా తలుపులు మూతపడుతున్నాయి. 2022లో కేంద్రం ఒకటి నుంచి ఎనిమిదో తరగతి దాకా మైనారిటీ పిల్లలకిచ్చే స్కాలర్‌షిప్పు ఆపేసింది. పరిశోధక విద్యార్థుల మౌలానా ఆజాద్ ఫెలోషిప్పునూ అదే ఏడు నిలిపేసింది. ఆడపిల్లల చదువుకు సాయం చేసిన మౌలానా ఆజాద్ ఎడ్యుకేషన్ ఫౌండేషన్‌ను మూసేయమని 2024 ఫిబ్రవరిలో ఉత్తర్వు వచ్చింది. 1989లో పుట్టిన సంస్థ అది. ఇచ్చినన్నాళ్ళూ బుజ్జగింపన్నారు. ఆపేశాక దాన్ని ఏమనాలో ఎవరూ చెప్పడం లేదు.

2025 వక్ఫ్ సవరణ చట్టం తరాల వాడకం వల్ల ఆస్తి వక్ఫ్ అవుతుందన్న పాత సూత్రాన్ని ఇకముందు ఏర్పడేవాటికి తీసేసింది. ఆస్తుల వివరాలన్నీ కేంద్రం పోర్టల్‌లో ఎక్కించడానికి ఆరు నెలల గడువు పెట్టింది. కాగితం లేనివాడికి చరిత్ర లేదన్నది ఈనాటి నీతి. మణికొండ నేర్పిన పాఠమూ అదే.

అయినా ఇచ్చే చేయి ఎండిపోలేదు. రంజాను నెలలో జకాత్, ఫిత్రా లెక్కగట్టి తీసే ఆటోడ్రైవర్లు, గాజుల అంగడివాళ్ళు ఈ ఊళ్ళో ఉన్నారు. ఆబిద్ అలీ ఖాన్ 1949లో మొదలుపెట్టిన 'సియాసత్' పత్రిక చుట్టూ పెరిగిన నిధి బీదలను ఆదుకుంటోంది. ఆయన పేర ఉన్న ట్రస్టు ఉర్దూ రానివాళ్ళకు అక్షరం నేర్పి పరీక్షలు పెడుతోంది. ఇవి వక్ఫ్ అంత పెద్దవి కావు. కానీ లెక్క అడిగితే చెప్పేవాళ్ళుంటే చిన్న నిధీ నిలబడుతుందని ఇవి చూపిస్తున్నాయి.

కాబట్టి మేము అడిగేది రెండే. ప్రతి వక్ఫ్ ఆస్తి విస్తీర్ణం, అద్దె, అద్దెదారు పేరు, ఆ ఏడు వజీఫా అందిన పిల్లల సంఖ్య ఉర్దూలోనూ తెలుగులోనూ రాసి మసీదు గోడకు అంటించాలి. జుమా నమాజుకు వచ్చిన మామూలు మనిషి చదివి ప్రశ్నించగలగాలి. ఇక సెక్యులర్ మిత్రులకొక మాట. ఈసారి ఎవరైనా బుజ్జగింపు అని నోరు తెరిస్తే, హుస్సేన్ సాగర్ నీళ్ళు ఎవరు తాగారో, నిమ్స్‌లో ఎవరి కాళ్ళకు కట్లు పడ్డాయో, సరోజిని ఓడ టిక్కెట్టు డబ్బు ఎక్కణ్ణించి వచ్చిందో గుర్తుచేయండి. మా పిల్లలు వజీఫా అడుగుతున్నది దానం అనుకుని కాదు. ఈ ఊరి ఖాతాలో వాళ్ళ తాతలు జమ వేసిన పద్దు ఉంది.