గుండెకు లెక్క చెప్పేదెవరు?

తీరిగ్గా కూర్చున్నప్పుడు మన గుండె నిమిషానికి సుమారు 5 లీటర్ల రక్తం పంపుతుంది. పరుగెత్తితే 20 లీటర్ల దాకా పంపగలదు. ఎంత పంపాలో దానికి చెప్పేదెవరు? ఈ సంగతి తేలడానికి శతాబ్దాలు పట్టింది.

గుండె కుడివైపు రక్తం ఊపిరితిత్తుల గుండానే ఎడమవైపుకు చేరుతుందని 13వ శతాబ్దంలో, డమాస్కస్‌లో చదివి కైరోలో వైద్యం చేసిన ఇబ్నె నఫీస్ రాశారు. వెళ్ళిన రక్తమే ఒళ్ళంతా తిరిగి గుండెకు వస్తుందని 1628లో ఇంగ్లాండులో విలియం హార్వే లెక్కకట్టి చూపారు.

మరి తిరిగొచ్చే రక్తం ఎక్కువైతే? జర్మనీలో ఆటో ఫ్రాంక్ 1895లో కప్ప గుండె మీద, లండన్‌లో స్టార్లింగ్, ఆయన తోటివారు 1914లో కుక్క గుండె మీద పరీక్షించారు. ఎక్కువ రక్తం వస్తే గుండె కండరం సాగుతుంది. సాగిన కొద్దీ, ఒక హద్దు దాకా, గట్టిగా ముడుచుకుని వచ్చినదంతా పంపేస్తుంది. అంటే లెక్క చెప్పేది తిరిగొచ్చిన రక్తమే! నరాలు, అడ్రినలిన్ గుండె వేగాన్ని పెంచి తోడుపడతాయి.

ఈ శక్తి సన్నగిల్లితే రక్తం వెనకే నిలిచిపోతుంది. ఆయాసం వస్తుంది, పాదాలు వాస్తాయి. మన ఇళ్ళలో పెద్దవాళ్ళు "వయసు మీద పడింది కదా" అంటే మనం సరేనని ఊరుకోకూడదు. వెంటనే డాక్టరుకు చూపించాలి.