యూ టీ నుండి ఓడ ప్రయాణం: మన పెద్దలు దిగిన రేవులను చూడదలచిన కుటుంబాలకు

సింగపూరు నుండి బయలుదేరి, రెండు మూడు రేవులలో ఆగి, నాలుగైదు రోజులలో తిరిగి సింగపూరుకే చేరే క్రూయిజ్ ఓడలు ఏడాది పొడవునా ఉన్నాయి. పినాంగు దీవి, లంకావి దీవి, థాయ్‌లాండుకు చెందిన ఫుకెట్ దీవి, పోర్ట్ క్లాంగ్ అనే నాలుగు పేర్లే ఈ ప్రయాణాలలో ఎక్కువగా మారి మారి కనిపిస్తాయి. యూ టీలోను, పక్కనున్న చువా చూ కాంగ్‌లోను నివసించే మన కుటుంబాలలో కొందరు ఇటువంటి ప్రయాణాలు చేసి వచ్చారు. దేవాలయ కమిటీ తరఫున మేము కూడ పెద్దలను వెంటబెట్టుకొని రెండుసార్లు వెళ్ళాము. మొదటిసారి ఒక పెద్ద పొరపాటు చేశాము. రెండవసారి దానిని సరిదిద్దుకున్నాము. మరలా ఎవరూ ఆ పొరపాటు చేయకూడదని ఈ వ్యాసం వ్రాస్తున్నాము.

తెలుగు మరలా నేర్చుకుంటున్నవారి కోసం ముందుగా కొన్ని మాటలు. ఓడలు ఆగే చోటు 'రేవు'. పెద్దది 'ఓడ', చిన్నది 'పడవ'. ఓడ కదలకుండ నీటిలోనికి దింపే ఇనుప కొక్కెం 'లంగరు'. మన ఇళ్ళలో ఎస్టేటును 'తోట' అనేవారు. "ఏ తోట వాళ్ళు మీరు?" అని అడిగితే, ఏ ఎస్టేటులో పుట్టి పెరిగారని అర్థం.

పాత ఓడ దారి

మలయాకు వచ్చిన తెలుగువారిలో ఎక్కువ మంది విశాఖపట్నం, శ్రీకాకుళం, గోదావరి ప్రాంతాలవారు. ఊరు ఉత్తరాన ఉన్నప్పటికీ, చాలామంది రైలులో మద్రాసు చేరి అక్కడ ఓడ ఎక్కారు. ఒప్పంద కూలీ పద్ధతి మలయాలో 1910లో రద్దయినది. అటు తరువాత కంగాణీల ద్వారాను, 1907లో ఏర్పడిన వలస నిధి ఖర్చుతోను జనం వచ్చారు. 1938లో భారత ప్రభుత్వం కూలీల వలసను ఆపివేసింది.

ఈ దారిలో నడిచిన ఓడలలో 'రజూలా' పేరు మన ఇళ్ళలో ఎక్కువగా వినిపిస్తుంది. 1926లో నిర్మించిన ఈ ఓడ మద్రాసు, నాగపట్నం నుండి పినాంగుకు, పోర్ట్ స్వెటెన్‌హామ్‌కు, చివరకు సింగపూరుకు దాదాపు అర్ధ శతాబ్దం నడిచింది. వేలమంది డెక్కు మీదనే చాప పరచుకొని ప్రయాణం చేశారు. "మా ముత్తాత 1915లో రజూలాలో వచ్చారు" అని చెప్పే కుటుంబాలు ఉన్నాయి. ఓడ పుట్టిన సంవత్సరం చూస్తే అది కుదరదు. ఆయన వచ్చినది మరొక ఓడ అయి ఉండవలెను. పెద్దలు చెప్పిన మాటను కొట్టివేయమని మా ఉద్దేశం కాదు. అన్ని ఓడలకూ జనం నోట 'రజూలా' అనే పేరే నిలిచిపోయినదని మేము భావిస్తున్నాము. రజూలా తరువాత 'చిదంబరం' అనే ఓడ నడిచింది. 1985 ఫిబ్రవరిలో దానిలో అగ్నిప్రమాదం జరిగిన తరువాత ఆ ప్రయాణాలు నిలిచిపోయాయి.

పోర్ట్ స్వెటెన్‌హామ్ పేరు 1972లో పోర్ట్ క్లాంగ్‌గా మారింది. కాబట్టి నేటి క్రూయిజ్ ఓడ పోర్ట్ క్లాంగ్‌లోను పినాంగులోను ఆగినప్పుడు, మన పెద్దలు వచ్చిన దారినే మనం వెనుకకు నడుస్తున్నట్లు లెక్క. మా పెద్దలకు ఈ ప్రయాణం మీద ఆశ పుట్టినది అందుకే.

మా మొదటి ప్రయాణంలో జరిగినది

మా బృందంలో ఒక పెద్దమ్మ ఉండేవారు. దిగువ పేరాక్‌లోని బాగాన్ దాతో ప్రాంతపు కొబ్బరి తోటలో పుట్టారు. పెళ్ళయి సింగపూరు వచ్చిన తరువాత ఒక్కసారి కూడ అటు వెళ్ళలేదు. టికెట్లు కొన్న చోట, ఓడ పోర్ట్ క్లాంగ్‌లో ఆగుతుంది గనుక అక్కడినుండి బాగాన్ దాతో దగ్గరే అని చెప్పారు. మేము పటం తీసి చూడలేదు. తప్పు మాది.

ఆనాడు ఓడ ఉదయం 9 గంటలకు రేవుకు చేరి, సాయంకాలం 4 గంటలకు బయలుదేరవలసి ఉన్నది. కాగితం మీద అది ఏడు గంటలు. వరుసలో నిలబడి, పాస్‌పోర్టులు చూపించి, వ్యాను ఎక్కేసరికి 10.15 అయినది. 3 గంటలకల్లా అందరూ ఓడలో ఉండవలెనని ముందే చెప్పారు. మిగిలినవి ఐదు గంటల లోపే. క్రూయిజ్ ఓడలు ఆగేది పులావ్ ఇందా అనే దీవి మీద. అక్కడినుండి క్లాంగ్ పట్టణం దాటి, క్వాలా సెలంగోర్ మీదుగా బాగాన్ దాతోకు ఒక వైపుకే మూడు గంటలకు దగ్గర పడుతుంది. మేము సబాక్ బెర్నామ్ వరకు వెళ్ళి, గడియారం చూసుకొని వెనుకకు తిరిగాము. బెర్నామ్ నదికి ఇవతల సెలంగోర్, అవతల పేరాక్. పెద్దమ్మ నది ఒడ్డున దిగి, అవతలి గట్టును చూసి, "సరే, పదండి నాయనా, ఓడ పోతుంది" అన్నారు. మరుసటి సంవత్సరం మేము బస్సులో వెళ్ళదలచేసరికి ఆమె ప్రయాణం చేయగల స్థితిలో లేరు.

కాబట్టి ఎవరైనా అడిగితే మేము మొదట చెప్పేది ఒకటే. టికెట్టు ధర చూడకముందు, మీ ఇంటి పెద్దలు ఏమి చూడదలచారో అడగండి. సముద్రం, రేవు, పట్టణం చూడదలచితే ఓడ చాలును. తోట చూడదలచితే ఓడ పనికిరాదు. సింగపూరు నుండి బస్సులోనో కారులోనో వెళ్ళి, దగ్గరి పట్టణమైన తెలుక్ ఇంతాన్‌లో ఒక రాత్రి ఉండవలెను. పాత కాగితాలలో ఈ పట్టణాన్ని 'తెలోక్ ఆన్సన్' అని వ్రాసి ఉంటారు. రెండూ ఒకటే.

రేవులో సమయాన్ని ఇట్లా లెక్కించండి. ఓడ ఆగే గంటలలో నుండి దిగుటకు ఒక గంట, ముందుగా తిరిగి చేరుటకు ఒక గంట, అనుకోని ఆలస్యానికి మరొక గంట తీసివేయండి. మిగిలినదానిలో సగం పోవుటకు, సగం వచ్చుటకు అనుకోకండి. అక్కడ నిలబడి చూచుటకు కూడ సమయం కావలెను గదా. మూడవ వంతు మాత్రమే ఒక వైపు దారికి పెట్టుకోండి. పది గంటలు ఆగే ఓడ అయినా ఈ లెక్కన రెండు గంటలు దాటిన చోటికి వెళ్ళరాదు. గడియారం విషయం కూడ చూడండి: సింగపూరు, మలేషియాల సమయం ఒకటే, థాయ్‌లాండు ఒక గంట వెనుక. ఓడలో ఏ సమయం పాటిస్తున్నారో దిగే ముందు అడగండి.

రేవులలో చూడదగినవి

పినాంగులో ఓడ జార్జ్ టౌన్ పట్టణంలోని స్వెటెన్‌హామ్ పియర్ వద్దనే ఆగుతుంది. దిగి నడిస్తే ఫోర్ట్ కార్న్‌వాలిస్, మరికొంత దూరంలో లిటిల్ ఇండియా. క్వీన్ వీధిలోని శ్రీ మహామారియమ్మన్ దేవాలయం 1833 నాటిది. పినాంగులోని హిందూ దేవాలయాలలో అతి పాతది. మధ్యాహ్నం గుడి మూసి ఉండవచ్చు గనుక ఉదయమే వెళ్ళండి. పెద్దలకు వ్యాను కూడ అక్కరలేదు, ఆగి ఆగి నడిస్తే చాలును. మేము చూసిన రేవులలో మన వాళ్ళకు అన్నిటికంటె అనువైనది ఇదే.

సమయం మిగిలితే వ్యాను తీసుకొని పినాంగు వంతెన మీదుగా ఒకసారి వెళ్ళి రండి. వంతెనకు దక్షిణాన కనిపించే పచ్చని దీవి పులావ్ జెరెజాక్. అంటువ్యాధులు వ్యాపించకుండ, ఓడ దిగిన కూలీలను కొన్నాళ్ళు విడిగా ఉంచిన చోటు అది. పెద్దలు 'కోరంటీ' అనేవారు. క్వారంటైన్ అనే మాటే అట్లా మారింది.

లంకావి అందమైన దీవి, పన్ను లేని అంగళ్ళు ఉన్నాయి, పిల్లలకు నచ్చుతుంది. ఫుకెట్‌లో ఓడ ఒడ్డుకు రాకుండ దూరాన లంగరు వేసి, జనాన్ని చిన్న పడవలలో దింపడం తరచు జరుగుతుంది. మోకాళ్ళ నొప్పులు ఉన్నవారికి, చక్రాల కుర్చీ వాడేవారికి ఇది చాలా కష్టం, కొన్నిసార్లు అనుమతించరు కూడ. టికెట్టు కొనే ముందే "ఒడ్డుకు కడతారా, పడవలో దింపుతారా" అని అడగండి.

పోర్ట్ క్లాంగ్‌లో దిగినవారిని ఎక్కువగా కౌలాలంపూరుకు, బాటు కేవ్స్‌కు తీసుకొని వెళతారు. దారిలో వాహనాలు నిండితే గంటన్నర పట్టవచ్చు. తోట అంటే ఏమిటో పిల్లలకు చూపదలచితే పులావ్ కేరీ దగ్గర. అక్కడ రబ్బరు పోయి ఇప్పుడు పామాయిల్ చెట్లే ఉన్నాయి.

బయలుదేరే ముందు

సింగపూరులో క్రూయిజ్ ఓడలు ఎక్కే చోట్లు రెండు: మరీనా బే క్రూయిజ్ సెంటర్, హార్బర్‌ఫ్రంట్‌లోని సింగపూర్ క్రూయిజ్ సెంటర్. టికెట్టు మీద ఏది ఉన్నదో చూడండి. ఒక కుటుంబం రెండవదానికి వెళ్ళవలసి ఉండగా మొదటిదానికి వెళ్ళి, టాక్సీలో పరుగెత్తవలసి వచ్చింది. మొదటిదానికి యూ టీ స్టేషనులో ఎర్ర లైను రైలు ఎక్కితే మారకుండ చివరి స్టేషను మరీనా సౌత్ పియర్ వరకు పోవచ్చు. గంటకు పైగా పడుతుంది, దిగిన తరువాత కొంత నడక ఉన్నది. రెండవదానికి ధోబీ గాట్‌లో ఊదా లైనుకు మారవలెను. పెట్టెలు, పెద్దలు ఉంటే టాక్సీయే మేలు.

పాస్‌పోర్టుకు తిరిగి వచ్చే తేదీ తరువాత కూడ ఆరు నెలల గడువు ఉండవలెను. భారత పాస్‌పోర్టు ఉన్న కోడళ్ళు, అల్లుళ్ళు మన కుటుంబాలలో చాలామంది ఉన్నారు. వారికి ఓడ ఆగే ప్రతి దేశానికి ఏమి కావలెనో విడివిడిగా చూడండి. ఒక్క దేశపు వీసా లేకపోయినా ఓడ ఎక్కనీయకపోవచ్చు. సింగపూరు శాశ్వత నివాసులు తిరిగి ప్రవేశించే అనుమతి గడువు కూడ చూసుకొనవలెను. రాక కార్డులు ఇప్పుడు ఫోనులోనే నింపాలి, నియమాలు తరచు మారుతున్నాయి. టికెట్టు కొన్ననాడు ఒకసారి, బయలుదేరే వారం మరొకసారి ప్రభుత్వపు సమాచారం చూడండి.

ధర ఇద్దరు ఒక గదిలో ఉంటారనుకొని చెబుతారు. ఒంటరిగా వచ్చే అమ్మమ్మకు ఇద్దరి ధరకు దగ్గరగా పడవచ్చు గనుక ఇద్దరు పెద్దలను ఒక గదికి జతచేయడం మంచిది. రేవు పన్నులు, సేవకుల బక్షీసు వేరుగా ఉంటాయా అని అడగండి. ఓడలోని వైద్యుని ఖర్చు ఎక్కువ. ఓడ ప్రయాణానికి వర్తించే బీమా తప్పక తీసుకొనండి. మందులు పెట్టెలో పెట్టరాదు, చేతిసంచిలో ఉండవలెను. పెట్టె గదికి చేరేసరికి సాయంకాలం కావచ్చు.

శాకాహారం కావలెనని టికెట్టు కొన్నప్పుడే వ్రాయించండి. ఓడలో దీపం, కర్పూరం, అగరువత్తులు వెలిగించనీయరు. నిప్పు భయం ఓడలో అన్నిటికంటె పెద్దది. మా వాళ్ళు ఒక చిన్న పటం, కుంకుమ తీసుకొని వెళ్ళి, దీపం లేకుండనే పూజ చేసుకున్నారు. పండ్లు, కొబ్బరికాయలు ఓడ నుండి ఒడ్డుకు తీసుకొని పోరాదు.

మలక్కా జలసంధికి సుమత్రా దీవి అడ్డుగా ఉండుట వలన అలలు తక్కువ. ఫుకెట్ వైపు మాత్రం మే నుండి అక్టోబరు వరకు సముద్రం కొంత కఠినంగా ఉంటుంది. పెద్దలతో వెళ్ళేవారు జనవరి, ఫిబ్రవరి నెలలు చూడండి. బడి సెలవులు కావు గనుక ధర కూడ తగ్గుతుంది.

దూరపు దీవుల గురించి అడిగేవారూ ఉన్నారు. మారిషస్ రాజధాని పోర్ట్ లూయీలో కూలీలు దిగిన ఆప్రవాసీ ఘాట్ రేవు ఒడ్డుననే ఉన్నది. వారు ఎక్కిన పదహారు మెట్లు నేటికీ నిలిచి ఉన్నాయి. 2006లో యునెస్కో దానిని ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది. అక్కడి తెలుగువారు ఆ మెట్లను తమవిగా చెప్పుకుంటారు. హిందూ మహాసముద్ర దీవుల మధ్య తిరిగే ఓడలో అక్కడ ఆగినా, చూచుటకు ఒక పూట చాలును. ఫిజీలో సువా ఎదుటనున్న నుకులావ్ దీవి కూడ అటువంటిదే. కాని యూ టీ నుండి అవి రెండూ విమానం ఎక్కి పోవలసిన దూరాలు.

ఓడ ఖర్చు పెట్టుకొనలేనివారికి, నాలుగు రోజులు ఇల్లు విడువలేనివారికి మేము సెయింట్ జాన్స్ దీవిని చెబుతాము. 1874 నుండి సింగపూరుకు వచ్చే వలసదారులను ఉంచిన కోరంటీ దీవి అదే. రజూలాలో సింగపూరు వరకు వచ్చిన మనవాళ్ళలో ఎందరో ముందుగా కాలు పెట్టిన నేల. యూ టీలో ఎక్కిన అదే ఎర్ర లైను రైలు దిగి, మరీనా సౌత్ పియర్‌లో పడవ ఎక్కితే అరగంటకు అటూ ఇటూగా చేరవచ్చు. తిరుగు పడవ వేళలు ముందే వ్రాసుకొనండి. దీవి మీద అంగళ్ళు లేవు గనుక నీళ్ళు, పులిహోర, గొడుగు వెంట తీసుకొని వెళ్ళండి.